ఉత్తగనే ఉరికిన పొద్దు

"అయ్యిందా లేదా? బండి స్టార్ట్ చేసిన!"

వాకిట్లోంచి శ్రీశైలం ఈ మాట అన్నాడంటే ఉమారాణి చేతిలో ఏ పని ఉంటే ఆ పని అక్కడికక్కడ ఆగిపోవాలి. సగం సర్దిన డబ్బాకు మూత నొక్కి, సగం అల్లిన జడను అలాగే వెనక్కి వేసుకుని, గుడ్డ బూట్లలో కాళ్లు దూర్చుకుంటూ బయటికి రావాలి. అప్పటికి ఆమె వాకిలి ఊడ్చి చల్లి, అంట్లు తోమి, అన్నం కూర వండి, అత్తకు చాయ్, బీపీ గోళీ అందించి, మొగుడి అంగీ ఇస్త్రీ చేసి ఉంటుంది. అప్పటికి ఆయన చేసింది బండి స్టార్ట్ చేయడం. అయినా సరే, ఆలస్యమైన ప్రతిసారీ ఆ ఇంట్లో ఆలస్యం చేసింది ఆమే అవుతుంది.

ఉమారాణి జగిత్యాలలో రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. వాళ్ల ఊరు గొల్లపల్లి రోడ్డు మీద, పట్నానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో. షుగరు పరీక్షకు వచ్చే ముసలివాళ్లు పరగడుపున వస్తారు కాబట్టి ల్యాబు పొద్దున్నే తెరవాలి. శ్రీశైలానికి అదే పట్నంలో బోరుమోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. అది ఎండెక్కాక తీరిగ్గా తెరుచుకుంటుంది. అయినా ఆయన పొద్దున్నే లేచి, పెళ్లాన్ని ల్యాబు దగ్గర దించి, ఇంటికొచ్చి మళ్లీ ఓ కునుకు తీసి, తిని, అప్పుడు దుకాణానికి పోతాడు. ఈ త్యాగం సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. "నీ మొగడు బంగారం పిల్లా. ఎండనక వాననక దించొస్తడు" అని బోరింగు దగ్గర ఒకరంటే, "మా కాలంల మొగడు ముంగట నడుస్తుంటె మేం బారెడు దూరం ఎనుక నడిచినం. నీకేం, దర్జాగ బండెక్కి పోతున్నవ్" అని అత్త నర్సక్క అంటుంది. ఇన్ని నోళ్లు మెచ్చిన మనిషిని పట్టుకుని ఏం ఫిర్యాదు చేస్తారు? చేస్తే ఒళ్లు కొవ్వెక్కిందంటారు.

దించడం అందరూ చూశారు గానీ తీసుకుపోవడం ఎవరూ చూడలేదు. ఆమె డ్యూటీ మధ్యాహ్నం దాటగానే అయిపోతుంది. ఆయన మాత్రం దుకాణంలో పనీ, చాయ్ హోటల్లో ముచ్చట్లూ అన్నీ అయ్యాక వస్తాడు. ల్యాబు సారుకు ఈ సంగతి బాగా తెలుసు. "మీ ఆయన వచ్చేదాక ఖాళీయే గద ఉమా, గీ రిపోర్టులు కొట్టెయ్" అంటాడు. కొట్టేస్తుంది. సూదులు లెక్కపెట్టమంటాడు, పెడుతుంది. ఫ్రిజ్ తుడవమంటాడు, తుడుస్తుంది. కోరుట్ల నుంచి వచ్చే సంగీత కూడా టెక్నీషియనే. బస్సు టైము కాగానే బ్యాగు తగిలించుకుని వెళ్లిపోతుంది, ఆమెను ఎవరూ ఆపరు. సంగీతకు బస్సు ఉంది. ఉమకు మొగుడున్నాడు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే కదా, నేనూ దాంట్లోనే వస్తానని ఉమ ఒకసారి అంటే శ్రీశైలం నొచ్చుకున్నాడు. "ఆ నూకులాటల పోతవా? నేను లేనా?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు, ఆ మాట కాదనలేం.

ఆమె రోడ్డును చూసి ఎన్నో ఏళ్లయింది. బండి మీద వెనుక కూర్చున్న మనిషికి కనిపించేది మొగుడి వీపు. తను ఇస్త్రీ చేసిన అంగీయే తన కళ్ల ముందు రెపరెపలాడుతూ ఉంటుంది. పక్కకు తిరిగితే పొలాలు ఉన్నాయిలే గానీ, వచ్చేది కనిపించదు, అంతా దాటిపోయాకే కనిపిస్తుంది. ఎల్లారెడ్డిపేట దగ్గర తల్లిగారి ఊళ్లో ఆమెకు రోడ్డు ముందు నుంచే కనిపించేది. తండ్రి ఎల్లేశం తాళ్లెక్కే మనిషి. కల్లు అమ్మి వచ్చి గోడకు సైకిల్ ఆనించాడంటే ఉమ దాన్ని తోసుకుంటూ పోయేది. సీటు అందక, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వేలాడుతూ తొక్కడం నేర్చుకుంది. మోకాళ్లు చెక్కుకుపోయినా ఏడవలేదు. తర్వాత పేట హైస్కూలుకు అదే సైకిల్ మీద పోయింది. దిగుడు వచ్చిన చోట పెడళ్ల మీద లేచి నిలబడి, చున్నీ నోట కరచుకుని, గాలికి కళ్లలో నీళ్లు కారుతుంటే ఎందుకో తెలియకుండానే గట్టిగా అరిచేది. ఆ అరుపు ఏమైపోయిందో అని ఇప్పటికీ, రక్తం గొట్టాలకు పేర్లు అంటిస్తూ, ఒక్కోసారి ఆలోచిస్తుంది. చావలేదు. ఎక్కడో లోపలే నక్కి ఉంది. అది గుర్తొచ్చిన రోజు ఆమెకు కూర కూడా రుచించదు.

బిడ్డ కోరుట్లలో గురుకులం హాస్టల్లో చేరాక దాని సైకిల్ ఇంట్లోనే మిగిలింది. ఉమకు ప్రాణం లేచొచ్చింది. ఓ ఆదివారం దాని మీద కిరాణా కొట్టు దాకా పోయొచ్చింది కూడా. ఆ రాత్రి అన్నం దగ్గర మెల్లగా అడిగింది, "డ్యూటీకి నేను సైకిల్ మీద పోనా? రోజు నీకు పొద్దుగాల నిద్ర చెడుతంది" అని. శ్రీశైలం ముద్ద చేతిలోనే ఆపేశాడు. "పెండ్లానికి సైకిలిచ్చి వీడు బండి మీద తిరుగుతుండని అంటరు. నాకు ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. పోనీ స్కూటీ నేర్చుకుంటానంటే, "స్కూటీ ఎందుకు? నేను సచ్చిన్నా?" అన్నాడు. నర్సక్క మజ్జిగ పోస్తూ, "దించెటోడు లేకుంటె కద తొక్కుకుంట పోవుడు" అని తీర్పు చెప్పేసింది. ఆ మర్నాటి నుంచి అత్త సైకిల్ హ్యాండిల్ మీద తడి తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు టైర్లలో గాలి పోయింది. ఉమ గాలి కొట్టించలేదు.

నాట్ల రోజులు. ముందు రోజు శ్రీశైలం ఎవరిదో విందుకు పోయి బాగా పొద్దుపోయి వచ్చాడు. తెల్లారి ఉమ డబ్బా సర్ది, జడ పూర్తిగా అల్లుకుని కూడా ఎదురుచూసింది. వాకిట్లోంచి పిలుపు రాలేదు. లోపలికి పోయి లేపితే దుప్పటి ముఖం మీదికి లాక్కుని, "ఇయ్యాల నాతోని కాదు. బస్సుకు పో" అన్నాడు. నిన్నటిదాకా నూకులాటగా ఉన్న బస్సు ఆయనకు నిద్ర వచ్చేసరికి మంచిదైపోయింది. అప్పటికి మొదటి బస్సు వెళ్లిపోయింది. ముందరి ఊరి అడ్డరోడ్డు దగ్గర ఆటోలు దొరుకుతాయి. అక్కడిదాకా నడుద్దామని బ్యాగు భుజాన వేసుకుని బయలుదేరింది. ల్యాబు మెట్ల మీద కడుపు మాడ్చుకుని కూర్చున్న ముసలివాళ్లు కళ్ల ముందు మెదిలారు. అడుగు వేగం పెంచింది. ఇంకా పెంచింది. ఊరు దాటి కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి, తాను ఉరుకుతోందని ఆమెకు తెలిసింది.

ముందు సిగ్గేసింది. చున్నీ నడుముకు కట్టుకుంది. డబ్బాలో చెంచా గలగలమంటుంటే బ్యాగును ఛాతీకి హత్తుకుంది. ఊపిరి గొంతులో మండింది, పక్కటెముక కింద పోటు వచ్చింది, నడిచింది, తగ్గగానే మళ్లీ ఉరికింది. కాసేపటికి ఒళ్లు దారికొచ్చింది. రెండు పక్కలా దమ్ము చేసిన మడులు, నీళ్లలో ఆకాశం, గట్ల మీద కట్టలు కట్టి పెట్టిన నారు. రోడ్డు ముందు నుంచి వస్తోంది! ఎవరి వీపూ అడ్డం లేదు. ఎదురుగాలి తడి మట్టి వాసన మోసుకొచ్చి ముఖాన కొడుతోంది. ఇన్నేళ్లు ఇది లేకుండా ఎలా ఉన్నాను అనుకుంది. అనుకోగానే ఏడుపొచ్చింది. సంతోషం వల్ల వచ్చిందో, పోయిన ఏళ్ల మీద వచ్చిందో విడదీసి చూసేంత తీరిక లేదు. చెమట, కన్నీళ్లు కలిసి కారుతుంటే తుడుచుకోకుండా ఉరికింది.

అప్పుడే నాట్లకు పోయే ఆడవాళ్లతో ఓ ట్రాలీ ఆటో ఎదురొచ్చింది. అందులో వాళ్ల ఊరి రుక్కమ్మ ఉంది. "ఏమైందే ఉమా? ఎవలకేమైంది?" అని కేకేసింది. ఉమకు ఊపిరి అందక జవాబు రాలేదు. ముఖం మాత్రం చూపించి దాటిపోయింది. ఆ ముఖం చూసి ఎవరైనా ఏమనుకుంటారో ఆమెకు తట్టలేదు. మా వైపు ఊళ్లలో పెళ్లయిన ఆడది రోడ్డు మీద ఉరికిందంటే చావు కబురు వచ్చినట్టే. వేరే కారణం ఉంటుందని ఎవరికీ తెలియదు.

అడ్డరోడ్డు ఇంకా కొంచెం ఉందనగా వెనక నుంచి బస్సు వచ్చింది. డ్రైవరు ఏమనుకున్నాడో ఏమో, ఆమె చేయి ఎత్తకపోయినా పక్కకు తీసి ఆపాడు. కండక్టరు తలుపులోంచి వంగి, "ఎక్కమ్మా, ఎక్కు జల్ది!" అన్నాడు. లోపల సీట్లు కూడా ఖాళీగానే ఉన్నాయి. ఉమ కడ్డీ పట్టుకుంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది కూడా. ముసలివాళ్లు ఆకలితో ఉన్నారు, సారు అరుస్తాడు, ఇవన్నీ ఆమెకు తెలుసు. ఎక్కితే రోడ్డు మళ్లీ పక్క నుంచి జారిపోవడం మొదలవుతుందని కూడా తెలుసు. కాలు వెనక్కి తీసుకుంది. "మీరు పోండ్లి అన్నా" అంది. కండక్టరు నోరు తెరిచి చూస్తుండగానే బస్సు కదిలింది. ఉమ దాని వెనుక పొగలో కాసేపు నిలబడి, నవ్వుకుని, మళ్లీ ఉరికింది. అడ్డరోడ్డు దగ్గర ఆటోలున్నా ఆగలేదు.

ల్యాబుకు చేరేసరికి సంగీత ఒక్కతే సగం మందికి రక్తం తీసేసింది. ఉమను చూసి సూది పక్కన పెట్టి, "అక్కా, ఎవలకేమైంది?" అంది, అచ్చం రుక్కమ్మ గొంతుతోనే. ఎవరికీ ఏం కాలేదన్నా నమ్మలేదు. చివరిదాకా కూర్చున్న ఓ పెద్దమనిషి, "నీ కోసమే ఆగిన బిడ్డా. నువ్వు గుచ్చితె నొయ్యది" అన్నాడు. ఉమ ఆయనకు దండం పెట్టినంత పని చేసి, మూడుసార్లు చేతులు కడుక్కుని పనిలో పడింది. సారు వచ్చి పది మాటలన్నాడు, పడింది. ఫోన్లు సొరుగులో పెట్టాలన్నది అక్కడి నియమం. ఆమె ఫోను చప్పుడు లేకుండా ఆ సొరుగులో ఎన్నిసార్లు వెలిగి ఆరిందో ఎవరూ చూడలేదు.

డ్యూటీ అయిపోయే వేళకు ల్యాబు ముందు ఓ ఆటో ఆగింది. అందులోంచి తల్లి దేవవ్వ దిగింది, కళ్లు వాచిపోయి, కొప్పు ఊడిపోయి. వెనకాలే నర్సక్క దిగింది, చేతిలో బట్టల దుకాణం సంచితో. వాళ్ల వెనుక బండి మీద శ్రీశైలం. ఉమ గబగబా మెట్లు దిగింది.

"అవ్వా! ఏమైంది? బాపుకేమన్న అయ్యిందా?"

"నీ బాపుకు కాదే, నిన్ను చూసి నేను సచ్చెటట్టున్న!" అని దేవవ్వ బిడ్డను పట్టుకుని బావురుమంది.

ముగ్గురూ ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పిన దాంట్లోంచి ఉమ ఒక్కొక్కటే ఏరుకుంది. రుక్కమ్మ పొలం గట్టు మీద నుంచి నర్సక్కకు ఫోన్ చేసిందట, నీ కోడలు ఏడ్చుకుంట ఉరుకుతంది అని. దేవవ్వకు ఒంట్లో బాగుండటం లేదని తెలుసు, ఆమె ఫోను కలవలేదు, కోడలు ఎత్తలేదు. ఇంకేముంది, వియ్యపురాలు పోయిందని నర్సక్క కొడుకును లేపింది. ఇద్దరూ బండి మీద సిరిసిల్ల దారి పట్టారు. రోజూ పెళ్లాన్ని దించే ల్యాబు గల్లీ ముందు నుంచే పోయారు. ఆగి అడగాలని తోచలేదు. రోజూ దించుతాడే గానీ శ్రీశైలం దగ్గర ఆ ల్యాబు ఫోన్ నంబరు లేదు, అక్కడ ఒక్క మనిషి పేరు తెలియదు. చచ్చిన ఇంటికి ఉత్తచేతులతో పోరు కదా, పుణ్యస్త్రీకి కప్పాలని సిరిసిల్ల బస్టాండు దగ్గర ఓ పచ్చ చీర కొన్నారు. అవతల రుక్కమ్మ బిడ్డను ఇచ్చింది దేవవ్వ వాళ్ల ఊరికే. ఆ పిల్ల చెవిన పడ్డ మాట దేవవ్వకు చేరేసరికి, అల్లుడు బండి మీద నుంచి పడి పోయినట్టు తేలింది. ఆమె గుండెలు బాదుకుంటూ సిరిసిల్ల బస్సెక్కింది.

"చీర సంచి పట్టుకొని దుకాన్ల నుంచి ఎళ్లిన. ఇగ ఏడుపు అందుకుందామని చూద్దునా, వదినె ప్లాట్‌ఫారం మీద కూసోని ఏడుస్తంది. సచ్చినామె ఏడుసుడేందని నా కాళ్లు చల్లవడ్డయ్" అంది నర్సక్క.

"నేను అల్లుని పేరు తీస్కొని ఏడుస్తున్న. అల్లుడేమో ముంగట నిలవడి, అత్తమ్మా ఎవలకోసం ఏడుస్తున్నవ్ అన్నడు!" అంది దేవవ్వ. అని, ఏడుపు మధ్యలోనే నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ సంగీత కూడా నవ్వింది. శ్రీశైలం నవ్వలేదు.

నర్సక్క సంచి వంక చూసి ముఖం చిట్లించింది. "సచ్చినోళ్లకని తెచ్చిన చీర ఇంట్లకు తేవద్దు. దీన్నేం జెయ్యాలె?"

"నాకని తెచ్చిందే గద వదినె, ఇటియ్యి. బతికుండంగనే కట్టుకుంట. పోయినంక కప్పితె నాకేం తెలుస్తది?" అని దేవవ్వ చీర తీసుకుని అంచు చూసి చంకలో పెట్టుకుంది. తర్వాత బిడ్డ గడ్డం పట్టుకుని గొంతు తగ్గించింది. "ఇప్పుడన్న చెప్పు బిడ్డా. ఎందుకురికినవ్? అల్లుడు కొట్టిండా? అత్త ఏమన్న అన్నదా? కష్టమేముందో చెప్పు."

ఉమ అందరి ముఖాలూ చూసింది. ముగ్గురూ ఒక కష్టం కోసం ఎదురుచూస్తున్నారు. ఒక దెబ్బో, ఒక తిట్టో చెబితే వాళ్లకు హాయిగా ఉంటుంది. ఏడవాలో, తిట్టుకోవాలో, రాజీ పడాలో వాళ్లకు బాగా తెలుసు. ఆలస్యమైంది, బస్సు దొరకలేదు అంటే సరిపోతుంది. అలా అనబోయింది కూడా. కానీ ఆ అబద్ధం ఆడితే పొద్దుటి రోడ్డు కూడా తనది కాకుండా పోతుందని భయమేసింది.

"బస్సొచ్చింది అవ్వా" అంది. "నా పక్కనే ఆపిండు, ఎక్కుమన్నడు. నేనే ఎక్కలే. ఉరుకుడు మంచిగనిపిచ్చింది, ఉరికిన."

ముందుగా తేరుకున్నది శ్రీశైలం. "మంచిగనిపిచ్చిందా? అక్కడ నన్ను సంపిండ్రు, మీ అమ్మను సంపిండ్రు, నీకు మంచిగనిపిచ్చిందా? పెండ్లాన్ని రోడ్డు మీద ఉరికిచ్చిండంటరు నన్ను. ఇన్నేండ్ల సంది దించుతున్న, ఒక్కనాడన్న యాష్టపడ్డనా, ఇసుక్కున్ననా? గిదేనా దానికి?"

ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు ఉన్నాయి. ఉమకు జాలేసింది. జాలి వేసినా మాట ఆగలేదు. "నువ్వు మంచోనివే. నీ బండి గూడ మంచిదే. నాకే దాని మీద కూసోబుద్ధి అయితలేదు. రేపటి సంది నేను వోత, నేనే వస్త. నడుస్తనో, తొక్కుతనో, ఉరుకుతనో, నువ్వయితె పండుకో."

శ్రీశైలం ఏదో అనబోయి, గల్లీలో జనం చూస్తున్నారని ఆగి, విసురుగా బండి తిప్పుకుని పోయాడు. దేవవ్వ "అయ్యో అల్లుడా" అంటూ రెండడుగులు వేసి, చేసేదిలేక ఆటోలో కూలబడింది. నర్సక్క మాత్రం మెట్ల దగ్గరే నిలబడి ఉంది. ఉమ తల వంచుకుని తిట్లకు సిద్ధపడింది.

"నేను రెండుసార్లు ఉరికిన" అంది నర్సక్క, ఎవరితోనో అన్నట్టు. "మా అవ్వకు పానం బాగలేదని కబురొస్తె ఒకసారి. నీ మామను పాము కరిసిందంటె ఇంకోసారి, పొలం దాక. రెండుసార్లు నేను వోయేసరికి అయిపోయింది." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. కోడలి బూట్ల వంక, బురద అంటిన సల్వారు వంక చూసింది. "ఉత్తగనే ఉరికితె ఎట్లుంటదే?"

పొద్దుటి నుంచి అందరూ ఎందుకని అడిగారు. ఎలా ఉంటుందని ఈమె ఒక్కతే అడిగింది. ఉమకు తాను చెప్పగలిగింది ఏదీ చాలదనిపించింది. "మొకానికి గాలి కొడుతది అత్తమ్మా" అని మాత్రం అనగలిగింది.

నర్సక్క ఆటో ఎక్కి, వియ్యపురాలిని పక్కకు జరిపి కూర్చుంది. ఉమ కోసం చోటు కూడా ఉంచింది. ఉమ ఆ చోటు వంక చూసింది, గల్లీ చివర మలుపు తిరిగే రోడ్డు వంక చూసింది. చున్నీ నడుముకు బిగించుకుంది.

"మీరు పోండ్లి. నేను ఎనుక వస్త" అంది.

ఆటో డ్రైవరు విస్తుపోయి వెనక్కి తిరిగాడు. దేవవ్వ "మళ్లానా!" అని నెత్తి కొట్టుకుంది. నర్సక్క ఆటోలోంచి బయటికి చేయి చాపింది.

"బ్యాగు ఇటియ్యి. అంత బరువు పట్టుకొని ఎట్ల ఉరుకుతవ్?" అంది. "చీకటి పడకముందె రావాలె మరి. కూర నువ్వే వండాలె."